ఊద్ మెడకు పసుపు దారం

ఇటీవల నేను పీజీ చదువుతున్న కళాశాలకు ఒక విదేశీ అతిథి వచ్చి, మధ్యయుగాల నాటి ల్యూట్ అనే తీగల వాద్యాన్ని వాయించి వినిపించారు. పుచ్చకాయను నిలువుగా సగానికి కోసి మెడ అతికించినట్టుండే ఆ వాద్యం తల వెనక్కి, దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది. కచేరీ ముగిశాక, కావలసినవారు పట్టుకుని చూడవచ్చని ఆయన మమ్మల్ని పిలిచారు. నా వంతు వచ్చినప్పుడు ఆయన చేతిలోని పక్షి ఈకను అందుకున్నాను. నా కుడి మణికట్టు నన్ను అడగకుండానే వంగి, తీగల మీదికి జారింది.

ఆయన ఒక్క క్షణం నా చేతిని చూసి, "మీరు దీని తల్లిని ఎక్కడో వాయించి ఉంటారు" అన్నారు.

సంగీతమంటే ఏమీ తెలియదని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చినదాన్ని. తోటి విద్యార్థులు నావైపు అనుమానంగా చూశారు. చిన్నప్పుడు ఏదో కొన్నాళ్ళు అని తప్పించుకున్నాను. ఆనాడు ఇవ్వని జవాబే ఇది.

నా పదో ఏట మేము దోహా నగరం పక్కన, అల్ ఘర్రాఫాలోని ఒక విల్లా వెనుక గదిలో ఉండేవాళ్ళం. మా నాయన ఆ ఇంటి డ్రైవరు. అమ్మ ఆ ఇంటి వంటమనిషి. ఇంటి పనివాళ్ళకు బిడ్డను వెంట ఉంచుకునే అనుమతి దొరకడం అరుదు. ఆ ఇంటివారు దయతలచి నా కాగితాలు కూడా తామే చేయించారు. ఆ దయ ఎంత సన్నని దారానికి వేలాడుతోందో అమ్మ రోజూ నాకు గుర్తుచేసేది.

"ఈ ఇంట్లో మన మింద ఒక్క మాట పడిందంటే మూడు టిక్కెట్లు సేతిలో పెడతారు. తెలుసునా పాపా?"

తెలుసు. మూడు టిక్కెట్లంటే నాయన మరో దేశానికి, అమ్మ ఇంకో ఇంటికి, నేను రాయచోటి వైపు మా మేనత్త దగ్గరికి. మేనత్త తన ఇద్దరు కూతుళ్ళనూ ఐదో తరగతితోనే బడి మాన్పించి, టమాటా మండీలో కాయలు ఏరే పనికి పంపింది. నేను అప్పుడు ఐదో తరగతిలోనే ఉన్నాను.

ఆ రోజుల్లో దోహా అంతా ఒక పెద్ద గొయ్యి. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు రాబోతున్నదని ఊరిని తలకిందులు చేస్తున్నారు. నిన్న ఎడమకు తిరిగిన చోట ఇవాళ ఎర్ర కంచె, నిన్న కంచె ఉన్న చోట ఇవాళ వంతెన. మధ్యాహ్నం బడి నుంచి నన్ను, ఆ ఇంటి పిల్లలను తీసుకొస్తూ నాయన ప్రతి మలుపులోనూ అదే మాట అనేవాడు: "నిన్న ఈడుండే రోడ్డును ఎవుడెత్తకపోయినాడబ్బా?" సూచిక బోర్డులను తన కోసమే ఎవరో పనిగట్టుకుని మారుస్తున్నారని ఆయనకు గట్టి సందేహం.

విల్లా ముందు వంటింట్లో ఎండు నిమ్మకాయలు, యాలకులు వేసి అమ్మ వండే మచ్బూస్ అన్నం వాసన. మా వెనుక గదిలో రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వాసన. మధ్యలోని వరండాలో సాయంకాలం మామా వేసే సాంబ్రాణి పొగ. పనిచేసేవాళ్ళందరూ ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి. యజమాని బాబా. యజమాని తండ్రి, వృద్ధుడు, పెద్ద బాబా.

సాయంకాలపు నమాజు తరువాత పెద్ద బాబాకు కహ్వా అనే కాఫీ, ఖర్జూరాలు తీసుకెళ్ళి ఇచ్చే పని నాకు అప్పగించారు. ఒకరోజు ఆయన కూర్చునే మజ్లిస్ గదిలోకి పళ్ళెంతో అడుగుపెట్టేసరికి ఎవరూ లేరు. దిండ్ల మీద ఒక వాద్యం పడి ఉంది. దాని తల విరిగి వెనక్కి వాలిపోయి ఉంది.

పళ్ళెం కింద పెట్టి, ఎక్కడ విరిగిందో చూద్దామని మెల్లగా దాని వెనక్కి వెళ్ళి వంగాను. చీలిక ఎక్కడా కనిపించలేదు. అతికించిన గుర్తూ లేదు. అదే సమయంలో పెద్ద బాబా చేతికర్ర చప్పుడు వినిపించింది. నేను ఒక్క ఉదుటున పరుగెత్తి వంటింట్లో పడ్డాను.

"అమ్మా, నేను ముట్టుకోలేదు. ముందే ఇరిగిపోయుంది!"

అమ్మ చేతిలోని గరిటె ఆగింది. "ఇరిగిపోయిందాన్ని సరిగ్గా నువ్వు పొయ్యే యాళకు ఆడ పెట్టినారంటే... ఎవురో కావాలనే పెట్టింటారు" అని, అప్పటికప్పుడే చేతులు కడుక్కుని నన్ను వెంటబెట్టుకుని మజ్లిస్ గుమ్మం దగ్గర నిలబడింది.

పెద్ద బాబా మా ముఖాలు చూసి విషయం గ్రహించాడు. ఆయన యౌవనంలో సరుకుల పడవల మీద బొంబాయి చాలాసార్లు వెళ్ళినవాడు. అక్కడ నేర్చుకున్న హిందీలో, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. ఈ వాద్యం పేరు ఊద్. దీని తల పుట్టుకతోనే వంగి ఉంటుంది. ఇక్కడి నుంచే ఇది ఓడలెక్కి పడమటి దేశాలకు పోయి, అక్కడ పేరు మార్చుకున్నది. అక్కడా తల ఎత్తలేదు.

ఆ తరువాత నన్ను అడిగాడు: "బేటీ, నా మనవలందరూ దీన్ని ముందు నుంచి చూసి తీగలు లాగుతారు. నువ్వు వెనక్కి ఎందుకు వెళ్ళావు?"

"తప్పు ఎవరిదో తెలుసుకుందామని" అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. రేపటి నుంచి రోజూ అరగంట ఉండమన్నాడు.

నా ఊద్ చదువు అలా మొదలయింది. అనుమానాలు కూడా ఆ రోజే మొదలయ్యాయి.

పెద్ద బాబా ఊద్‌ను దిండ్ల మీద మా ఇద్దరి మధ్య ఆనించి నిలబెట్టేవాడు. జబ్బు చేసినప్పటి నుంచి ఆయన కుడిచేయి వేళ్ళు బిగిసిపోయి దేన్నీ పట్టుకోలేకపోయేవి. తీగలను మీటడానికి వాడే పొడవైన ఈకను రీషా అంటారు. దాన్ని నా గుప్పిట్లో పెట్టి, కొన మాత్రమే బయటికి వచ్చేలా సర్దేవాడు. మణికట్టును బరువుగా కిందికి వదలాలి, చేతితో కొట్టకూడదు. తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. రెండూ ఒకే దెబ్బకు పలకాలి. పలకకపోతే ఆయన తల అడ్డంగా ఊపేవాడు. పక్షం రోజులు ఒకే జంట తీగలు. తరువాత మరో జంట. కిందికి, పైకి, కిందికి, పైకి. ఎడమచేత్తో మెడ మీద తీగలు నొక్కడం నాకు నేర్పనేలేదు. ఆ పని ఆయనే చేసేవాడు. నేను ఇటు మీటుతూ ఉంటే అటు ఆయన ఎడమచేతి వేళ్ళు మెడ మీద నడిచేవి. హఠాత్తుగా ఎక్కడి నుంచో ఒక పాట పుట్టుకొచ్చేది. ఆయన కళ్ళు మూసుకునేవాడు.

అమ్మ ఆ అరగంటా గుమ్మంలోనే కూర్చుని మెంతికూర ఒలిచేది. ఒలవవలసిన కూర అయిపోయినా లేచేది కాదు. "పెద్దోళ్ళు ఊరికే మనకేమన్నా నేర్పుతారా? ఏమి కావాలో ఏమో ఆయనకు" అని నాయనతో అనేది. నాయన, "కారుకు స్టెప్నీ మాదిరి, ఆయన సేతికి మన పాప సెయ్యి" అని నవ్వి ఊరుకునేవాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా అనిపించింది. ఆయన నాకు నేర్పడం లేదు. నా చేతిని వాడుకుంటున్నాడు. సగం విద్య దాచిపెడుతున్నాడు. ఆ అక్కసుతో ఖాళీ ఖర్జూరాల డబ్బాకు రబ్బరు బ్యాండ్లు బిగించి, ఎడమచేతి పని నేనే దొంగతనంగా నేర్చుకోబోయాను. బడిలో బల్ల మీద పెన్ను మూతతో కిందికి, పైకి సాధన చేస్తుంటే మా టీచరమ్మ నాకు చేతుల్లో వణుకు జబ్బు ఉందేమోనని నాయనను పిలిపించింది.

శుక్రవారాలు మా గదికి భోజనానికి ఒకాయన వచ్చేవాడు. జగిత్యాల వైపు మనిషి. ముషైరిబ్‌లో మెట్రో సొరంగాలు తవ్వే పని ఆయనది. అందుకని నేను మెట్రో మామ అనేదాన్ని. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని ఆయన చెప్పే మాటలకు నాయన పొరబోయేటట్టు నవ్వేవాడు.

"ఫుట్‌బాల్ ఆడేటోళ్ళు ఇంకా బడిల లెక్కలు జేస్తున్నరట అన్నా. మా ఫోర్‌మన్ మాత్రం రేపే ఆటున్నట్టు యల్లా యల్లా అని నెత్తి మీద గూసుంటడు."

నా ఊద్ సంగతి విని మాత్రం ఆయన నవ్వలేదు. "గా ముసలాయన ఉత్తగనే ఎందుకు నేర్పుతడక్కా? రేపు గీ పోరిని పెండ్లిళ్ళల్ల గూసోబెట్టి వాయించుమంటడు. జూస్కో మల్ల."

అమ్మకు కావలసింది అదే. ఆ రాత్రి సంగటిలో ఉప్పు రెండుసార్లు పడింది.

దసరా వచ్చింది. ఆ దేశంలో అది మామూలు పనిదినం. నాయన ఆయుధపూజను ఆ వారపు శుక్రవారానికి జరుపుకునేవాడు. ఇంటి మగవాళ్ళు జుమ్మా నమాజుకు నడిచి వెళ్ళగానే, వెనుక షెడ్డులో కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, స్టీరింగు అడుగున ఎవరికీ కనబడని చోట కుంకుమ బొట్టు పెట్టేవాడు. బండిని అడుగు ముందుకు జరిపి, నలిగిన కాయలను కాగితంలో చుట్టి పారవేసి, నేలను నీళ్ళతో కడిగేవాడు. ఇదంతా పది నిమిషాల పని. అయిదేళ్ళుగా ఎవరికీ తెలియకుండా సాగుతున్న పని.

ఆ శుక్రవారం మెట్రో మామ క్యాంపు నుంచి పసుపు రాసిన దారం ఒకటి తెచ్చి అమ్మకు ఇచ్చాడు. "మా రూముల దసరా జేసుకున్నం అక్కా. డ్రిల్లింగ్ మిషినుకు గూడ గట్టినం. ఫోర్‌మన్ జూసి ఇదేం కేబుల్ అన్నడు."

అందరూ నవ్వుతుండగా నాకు ఒక ఆలోచన కలిగింది. డ్రైవరుకు కారు, కూలీకి మిషను, పిల్లలకు పుస్తకాలు. మరి నా పనిముట్టో? దాన్ని పూజించకపోతే విద్య రాదని మా ఊళ్ళో పెద్దలందరూ చెప్పేదే. ఎడమచేతి విద్య నాకు రాకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని తోచింది.

పెద్ద బాబా లోపలి గదిలో నమాజు చేసుకుంటున్నాడు. మజ్లిస్‌లోకి వెళ్ళి ఊద్ పెట్టెను తెరిచాను. వంగిన తల వెనుక చిన్న బొట్టు పెట్టాను. మెడ చుట్టూ పసుపు దారం కట్టాను. పట్టు నిలవక జారిపోతుంటే మూడు ముడులు వేశాను. చివరిగా ఒక నిమ్మకాయను మెడ కింద ఉంచి పెట్టె మూసేశాను. అమ్మకు కూడా చెప్పలేదు. పూజ చెబితే ఫలితం పోతుందనుకున్నాను.

ఆ సాయంకాలమే, పెట్టె తెరవకముందే, పెద్ద బాబాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు మామా మజ్లిస్ శుభ్రం చేయిస్తూ ఆ పెట్టెను తెరిచింది.

నాయన నన్ను బడి నుంచి తీసుకురాగానే మమ్మల్నిద్దరినీ మజ్లిస్‌లోకి పిలిచారు. తెరిచిన పెట్టె నేల మీద ఉంది. దానికి ఒక బారెడు దూరంలో మామా నిలబడి ఉంది. ఇటు అమ్మ, నాయన. పెద్ద బాబా దుప్పటి కప్పుకుని దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఆ ముడుల వంక చూస్తూ మామా అడిగింది:

"మిన్ సవ్వా హాదా?"

ఇది చేసింది ఎవరని. ముడులు వేసిన దారం, కాయ, ఎర్రని మరక, ఆ వెంటనే జ్వరం. ఆ ఊళ్ళో వీటన్నిటినీ కలిపి ఒక్కటే పేరుతో పిలుస్తారు: సిహ్ర్. అంటే చేతబడి. ఆ మాట పుట్టిన ఇంట్లో పనివాళ్ళు మరి ఉండరు.

అమ్మ నాయన వైపు చూసింది. ఏటా నిమ్మకాయలు తెచ్చేది ఆయనే. నాయన అమ్మ వైపు చూశాడు. దారం తీసుకున్నది ఆమే. ఒకరినొకరు అనుమానించుకుంటున్నారని పదేళ్ళ నాకు కూడా అర్థమయింది. మరుక్షణంలో ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.

"అనా, మామా. నేనే చేసినా" అన్నాడు నాయన.

"కాదు, నేను" అన్నది అమ్మ.

ఇద్దరూ ఒప్పుకునేసరికి మామా ముఖం ఇంకా నల్లబడింది. ఇద్దరూ కలిసి చేశారన్నమాట!

నేను ముందుకు వచ్చాను. నాకు వచ్చిన అరబిక్, హిందీ, ఇంగ్లీషు అన్నీ కలిపి, ఇది చెడ్డది కాదనీ, పని బాగా రావాలని చేసే మొక్కు అనీ చెప్పాను. ఆమె కళ్ళలో నమ్మకం కనిపించలేదు. అప్పుడు నా బుద్ధికి తోచిన గొప్ప సాక్ష్యం చెప్పాను.

"నాయన కారుకు కూడా పెడతాడు మామా! ప్రతి ఏడూ! స్టీరింగు కింద చూడండి, బొట్టు ఉంటుంది!"

నాయన కళ్ళు మూసుకున్నాడు. "మే పాపా..." అన్నది అమ్మ.

తన పిల్లలు రోజూ ఎక్కే కారు. అయిదేళ్ళుగా. మామా పెట్టె నుంచి ఇంకో అడుగు వెనక్కి వేసింది. మూడు టిక్కెట్లు ఆ గదిలోకి వచ్చి నిలబడినట్టు నాకు తోచింది. వాటిని తెచ్చింది నేనే.

అప్పుడు పెద్ద బాబా దగ్గి, నిమ్మకాయను ఇమ్మని ఎడమచేయి చాచాడు. ఎవరూ కదలలేదు. నేనే తీసి ఇచ్చాను. తోలు అప్పటికే కాస్త ముడతలు పడింది. దాన్ని వాసన చూసి, కోడలితో అరబిక్‌లో నెమ్మదిగా చెప్పాడు. బొంబాయి రేవులో ఈ పండుగకు ప్రతి పడవ ఇంజనుకూ ఇలాగే కట్టేవారని, తాను ఎక్కి వచ్చిన పడవకూ కట్టారని, అది మునగలేదని చెప్పాడు. "ఇంకొన్నాళ్ళు పెట్టెలోనే వదిలేసి ఉంటే ఎండిపోయేది. మచ్బూస్‌లోకి పనికొచ్చేది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మామా నన్ను చూసి ఒకే మాట అన్నది:

"ఫుక్కీ."

విప్పమని. కత్తిరించడానికి వీల్లేదు. కట్టిన చేయే, తన కళ్ళముందే, ఒక్కొక్క ముడినీ విప్పాలి.

నేల మీద కూర్చున్నాను. పసుపు ఎండి దారం పుల్లలా బిగుసుకుపోయింది. పెద్ద బాబా తన బిగిసిన కుడిచేతితో ఊద్ మెడను అదిమిపట్టాడు. మొదటి ముడి దగ్గర నా గోరు విరిగింది. మామా పెదవులు కదులుతున్నాయి. తన ప్రార్థనలేవో చదువుకుంటోంది. గుమ్మంలో అమ్మ పెదవులూ కదులుతున్నాయి. ఇద్దరూ ఏమి కోరుతున్నారో నాకు తెలుసు. ఒకరు తన ఇంటికి కీడు తొలగాలని, ఒకరు ఈ ఇల్లు తమకు దక్కాలని. ఇద్దరి చూపులూ నా వేళ్ళ మీదే ఉన్నాయి. రెండో ముడి పళ్ళతో విప్పాను. మూడోది ఎంతకీ రాలేదు. కన్నీళ్ళు పడి తడిసిన తరువాతనే వదులయింది.

దారాన్ని మామా ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. నా ముఖం వంక చూసింది.

"రేపు స్కూలు ఉందా?"

"ఉంది, మామా."

"అయితే వెళ్ళి చదువుకో. యల్లా."

నాయన నా బడిసంచీ తీసి నా చేతికిచ్చాడు.

ఆ సాయంకాలమే నాయన చేత స్టీరింగును ఆమె మూడుసార్లు కడిగించింది. ఊద్ పెట్టెకు తాళం పడింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఇక నా చదువు ముగిసిందనుకున్నాను. కాని పెద్ద బాబా కోలుకున్న మరునాడు, కహ్వా వేళకు మామా స్వయంగా వచ్చి తాళం తీసింది. తీసి వెళ్ళిపోలేదు. లోపలి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. బయటి గుమ్మంలో మెంతికూరతో అమ్మ. ఇద్దరి మధ్యా పెద్ద బాబా, నేను. అమ్మ మామాను కనిపెట్టి ఉండేది. మామా నా చేతులను కనిపెట్టి ఉండేది.

అలా ఎన్ని నెలలు గడిచాయో గుర్తులేదు. ఒకరోజు నేను మీటుతుండగా లోపలి గుమ్మం నుంచి "లా, లా" అని వినబడింది. కాదు, కాదని. నా చేయి ఆగిపోయింది. మామా మా వంక చూడకుండానే, గొంతులో సన్నగా ఆ వరస పాడి చూపించింది. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ గోడల అవతల నుంచి ఆమె వింటున్న పాట అది. నేను మళ్ళీ మీటాను. ఆమె తల ఊపింది. అమ్మ చేతిలోని మెంతికాడ విరగకుండా అలాగే ఉండిపోయింది.

ఆ ఇంట్లోనే ఉండి నేను పన్నెండో తరగతి పూర్తిచేశాను. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని కాగలిగాను. పెద్ద బాబా ఎడమచేతి విద్య నాకు చివరి వరకూ నేర్పలేదు. దాచుకున్నాడని ఒకప్పుడు అనుకున్నాను. ఆ విద్య నాకు ఇచ్చేస్తే తనకు ఆ గదిలో చేయడానికి ఏమీ మిగలదని ఆయన భయపడ్డాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

మామా సంగతి మాత్రం నాకు ఈనాటికీ తేలలేదు. ఆమె నన్ను నమ్మిందో లేదో చెప్పలేను. వచ్చిన ప్రతిరోజూ తాళం తీసేముందు పెట్టె చుట్టూ ఒకసారి చూసేది. ఆఖరి పాఠం రోజు కూడా చూసింది. కాని అన్ని సంవత్సరాలలో లోపలి గుమ్మంలోని ఆ కుర్చీ ఒక్క సాయంకాలమైనా ఖాళీగా ఉండగా నేను చూడలేదు.